నాకున్నది ఆదివారం ఒక్కటే

జులై 10, గురువారం

నోరీన్ ఈ పుస్తకం నా ముందు పెట్టి, "నా మీద అరిచేదంతా దీని మీద అరుచుకో" అంది. పెళ్ళాం మాట కాదనలేక రాస్తున్నాను. అయితే ఇవాళ అరవటానికేం లేదు. మంచి వార్తతోనే మొదలుపెడుతున్నాను.

ఆదివారం వేట మీద నిషేధం పోయింది. నిన్న గవర్నరు సంతకం చేశాడు. మా తాతకి తాత కాలం నాటి చట్టం అది. ఆదివారం నక్కని కొట్టొచ్చు, కాకిని కొట్టొచ్చు, జింకని మాత్రం కొట్టకూడదు. దేవుడితో జింకలకి ఏం ఒప్పందం ఉందో నాకెప్పుడూ అర్థం కాలేదు. మధ్యలో కొన్నేళ్ళు ఏడాదికి మూడు ఆదివారాలు ముష్టి వేసినట్టు వేశారు. ఈ సీజను నుంచి ఇంచుమించు అన్నీ మావే.

సామిల్లులో డ్వైట్ భోజనాల బల్ల ఎక్కి చిందులేశాడు. బావమరిది అని చెప్పుకోవటానికి సిగ్గేసింది గాని, నాకూ ఎక్కాలనే అనిపించింది. వారానికి ఆరు రోజులు రంపం ముందు నిలబడేవాడికి ఆ ఏడోది దొరకటమంటే ఏమిటో, ఆఫీసుల్లో కూచునేవాళ్ళకి తెలీదు.

ఈ ఆదివారం మంచె సంగతి చూడాలి. అక్క కొండ మీద నాన్న కట్టిన మంచె. పలకలు కుళ్ళిపోయి ఉంటాయి.

జులై 13, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. మా ట్వైలా అక్క లాయంలో ఒక గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట శుభ్రం చేస్తోంది. సొంత గుర్రాలు రెండే. మిగతావి ఊళ్ళో వాళ్ళవి, బయటి వాళ్ళవి. వాళ్ళు ఆదివారాలు వచ్చి కొండ మీద తిరిగి పోతుంటారు. అదే ఆమె బతుకుతెరువు.

"మంచె బాగుచేద్దామని వచ్చానక్కా. నవంబరుకి."

"చేసుకో. ఏ రోజుకి?"

"ఏ రోజుకేంటి? ఆదివారానికి."

ఆమె గుర్రం కాలు కిందికి దించింది. "శనివారం రా. సోమవారం రా. నీ ఇష్టం. ఆదివారం నా కొండ మీద తుపాకీ పేలదు."

"శనివారం నాకు మిల్లుంది."

"తెలుసు."

"సోమవారమూ మిల్లుంది."

"అదీ తెలుసు."

ఇంకో కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. మాట అయిపోయిందన్నట్టు.

నాన్న పోతూ కొండ అక్కకిచ్చాడు, తుపాకీ నాకిచ్చాడు. చివరి రోజుల్లో ఆయన్ని చూసుకున్నది ఆమె. న్యాయమే. నేనేం అనలేదు. ఇప్పుడూ అనటం లేదు.

ఆగస్టు 3, ఆదివారం

కోపంగా ఏం లేను.

ఆగస్టు 17, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడదామని ఇంటి దగ్గర నుంచీ అనుకుంటూ వెళ్ళాను. వాకిట్లోనే మర్యాద అయిపోయింది.

ఆమె లాయం గోడకి ఒక పలక మార్చకుండా అలాగే ఉంచింది. దానికి బెజ్జం ఉంది. రెండేళ్ళ కిందట ఎవడో వేటకొచ్చినవాడి గుండు కొండ మీద నుంచి వచ్చి అందులో దూరింది. గుర్రానికి తగల్లేదు. ఎవడన్నది తేలలేదు. నేను ఎప్పుడు ఈ మాట ఎత్తినా ఆమె ఆ పలక దగ్గరికి తీసుకెళ్ళి నిలబెడుతుంది.

ఆ గుండు వచ్చింది మంగళవారం, ఆదివారం కాదు అన్నాను. గట్టి మాట అన్నాననే అనుకున్నాను.

"అందుకే మంగళవారం నేను గుర్రాలని బయటికి తీయను" అంది. "బుధవారం తీయను, శనివారం తీయను. సీజనంతా నన్నెవడూ జింకనుకుని కొట్టకుండా ఆ నారింజ రంగు కోటు వేసుకుని నా దొడ్లో నేను దొంగలా తిరుగుతాను. ఆదివారం ఒక్కరోజు అది విప్పి కొయ్యకి తగిలిస్తాను. అదీ తీసుకుంటావా?"

నాకూ ఆదివారం ఒక్కటేనని చెప్పాను. కొండలన్నీ వదిలేసి నా కొండ మీదే పడ్డారేమిటి మీరందరూ అంది. మీరందరూ అంటే ఎవరు, నేను నీ తమ్ముణ్ణి అన్నాను. తమ్ముడి తుపాకీ వేరేగా పేలుతుందా అంది.

తిరిగొచ్చేటప్పుడు బండి గేటుకి రాసుకుంది. గేటు ఆమెదే. గీత నా బండికి.

సెప్టెంబరు 21, ఆదివారం

భోజనాల దగ్గర ఈ గొడవంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. నోరీన్ గిన్నెలు తీస్తూ విన్నది. విని, "మీ అక్కకి ఆదివారం కావాలి. నీకు ఆదివారం కావాలి. నాకేమైనా కావాలేమోనని ఎవరైనా అడిగారా?" అంది.

నీకేం కావాలి అని అడిగాను. ఇప్పుడడిగితే ఏం లాభం అంది.

ఆడవాళ్ళతో వాదించకూడదు. ఇద్దరితో ఒకే నెలలో అసలు వాదించకూడదు.

అక్టోబరు 14, మంగళవారం

ఇవాళ ఊరి ఫైర్ స్టేషను హాల్లో సభ. వేటగాళ్ళ క్లబ్బు పిలిచింది. చట్టం మారినా, సొంత భూమి ఉన్నవాళ్ళు ఒప్పుకుంటేనే గదా లోపలికి వెళ్ళేది. వాళ్ళని పిలిచి మంచి మాటల్తో ఒప్పిద్దామని మావాళ్ళ ఆలోచన. ఆపిల్ కూరి కాల్చిన తీపి పైలు పెట్టారు, కాఫీ పెట్టారు. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

మొక్కజొన్న వేసే రైతొకడు లేచి, జింకలు తన పంటలో సగం తింటున్నాయి, ఆదివారమైనా అర్ధరాత్రైనా వచ్చి కొట్టుకోండి, నేనే కాఫీ పోస్తానన్నాడు. మావాళ్ళు బల్లలు చరిచారు. తర్వాత ఫెటరాల్ఫ్ టీచరమ్మ లేచింది. ఆ గదిలో సగం మందికి మూడో తరగతి చెప్పిన మనిషి, నాతో సహా. ఆమె లేస్తే ఇప్పటికీ అందరూ కాళ్ళు సర్దుకుని కూచుంటారు. ఆదివారాలు ట్వైలా దగ్గర పాన్సీ అనే ముసలి ఆడగుర్రం ఎక్కి కొండ దాకా వెళ్ళొస్తుందట, ఈ వయసులో ఆమెకున్న సరదా అదొక్కటేనట, గుర్రం కూడా తనలాగే చప్పుళ్ళకి బెదురుతుందట. అందరూ నవ్వారు, ఆమె కోరుకున్నట్టే.

ఆ తర్వాత అక్క లేచింది. కాగితం లేకుండా మాట్లాడింది. అన్నీ నాతో అన్నవే, ఇంకా సున్నితంగా. జింకల మీద ప్రేమ కాదు, వేటంటే ద్వేషం కాదు, నాన్నతో తిరిగి నేర్చుకున్నదాన్నే నేనూ అంది. వారంలో ఒక్కరోజు ఈ కొండలు తుపాకీ లేనివాళ్ళకి వదలండి, అంతే అడుగుతున్నాను అంది. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా తలలూపారు. మావైపు వాళ్ళు కొందరు ఊపటం నేను చూశాను.

డ్వైట్ మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. "లే బావా. నీ అక్కే గదా, నువ్వు చెప్తేనే బాగుంటుంది."

నేను లేచాను. చెప్పాలనుకున్నది చాలా ఉంది. తెల్లారకముందే ఇంట్లోంచి బయటపడటం, చీకటిపడ్డాక రావటం, ఆరు రోజులు చెవుల్లో రంపం మోత, ఏడో రోజు చెట్టెక్కి కూచుంటే ఆ మోత నెమ్మదిగా దిగిపోవటం. అదంతా చెప్పాలి. లేచాక ఒక్క ముక్క కూడా నోట్లోకి రాలేదు. అందరూ చూస్తున్నారు. అప్పుడు ఈ మాట వచ్చింది:

"మా అక్కకేం తెలుస్తుంది? కొందరికి వారమంతా ఆదివారమే."

హాలంతా పగలబడి నవ్వింది. డ్వైట్ వీపు మీద కొట్టాడు. నేను కూచున్నాను.

అక్క నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. కోటు తీసుకుని, లాయంలో మేత వేసే వేళయిందని పక్కవాళ్ళకి చెప్పి వెళ్ళిపోయింది.

అక్టోబరు 15, బుధవారం

అది జోకు.

అక్టోబరు 19, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నోరీన్ అడిగింది, మీ అక్క ఆఖరుసారి సెలవు మీద ఊరెళ్ళిందెప్పుడో గుర్తుందా అని. ఆలోచించాను. నాకు గుర్తు రాలేదు. గుర్రాలకి క్రిస్మస్ నాడు కూడా నీళ్ళు పెట్టాలి గదా అంది నోరీన్.

అది జోకేనన్నాను. జోకని అందరికీ తెలుసు. జోకు కాబట్టే నవ్వారు.

నవంబరు 9, ఆదివారం

కొండ చుట్టూ పసుపు బోర్డులు కొట్టింది. పాత బోర్డుల్లో వేటకి ముందు అడగండి అని ఉండేది. వీటి మీద "ఆదివారం వేట లేదు. ఎవరికీ" అని రాసి ఉంది. ఆ "ఎవరికీ" కింద గీత గీసింది. ఇంకొంచెం రంగు మిగిలి ఉంటే నా పేరే రాసేదేమో.

క్లబ్బులో అడుగుతున్నారు, నీ సొంత అక్కే ఒప్పుకోకపోతే మిగతావాళ్ళనేం ఒప్పిస్తావని. ఆమె కొండ తెరుచుకుంటే ఈ లోయంతా తెరుచుకుంటుందట. నాకెందుకు చెప్తారు? నేనేమన్నా దానికి తాళం వేశానా?

నవంబరు 27, గురువారం

థాంక్స్ గివింగ్. ప్రతి ఏడూ విందు అక్క ఇంట్లోనే. నాకు జలుబుగా ఉందన్నాను. నోరీన్ నా మొహం చూసి గుమ్మడికాయతో చేసిన తీపి 'పై' పట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

సాయంత్రం ఒక పళ్ళెం మీద పల్చటి అల్యూమినియం రేకు కప్పి తెచ్చింది. అక్క పంపిందట. ఏమైనా అందా అని అడిగాను. టర్కీ కోడి చర్మం నీకిష్టమని ఎక్కువ వేసింది, అంతే అంది.

తినకూడదనుకున్నాను. నిలబడే తిన్నాను.

నవంబరు 29, శనివారం

ఇవాళ తుపాకీ సీజను మొదలు, ఉండేది రెండు వారాలే. నేను మిల్లులో.

నా చిన్నప్పుడు మొదటిరోజు సోమవారం ఉండేది. ఆ సోమవారం బడి మూసేవాళ్ళు, మిల్లు మూసేవాళ్ళు, మంగలి కొట్టు కూడా మూసేవాళ్ళు. తర్వాత శనివారానికి మార్చారు, పనిచేసుకునేవాళ్ళకి వీలుగా ఉంటుందని. సోమవారం మూసిన మిల్లు శనివారం మూయలేదు. మిల్లు యజమాని లెంకర్ గారికి ఆర్డర్లు ఎక్కువట. క్రిస్మస్ ముందు ఎప్పుడూ ఎక్కువే. సెలవు అడిగినవాళ్ళలో పాతవాళ్ళిద్దరికే దొరికింది. నేను అడగలేదు. ఎలాగూ ఇవ్వరు.

రంపం ఆగినప్పుడల్లా కొండల వైపు నుంచి తుపాకీ చప్పుళ్ళు వినిపించాయి. డ్వైట్ ఒక్కొక్కటీ వినగానే ఎవడిది అయ్యుంటుందో ఊహిస్తూ కూచున్నాడు. నోరు ముయ్యరా అన్నాను. ఏంటి బావా, నామీద పడతావ్ అన్నాడు.

నవంబరు 30, ఆదివారం

ఈ రోజు కోసం జులై నుంచీ ఎదురుచూశాను. అక్క కొండ పక్కనే సర్కారు అడవి ఉంది, అక్కడికి వెళ్ళాను. లోయలో ఎవరి భూముల్లోకీ వెళ్ళలేని వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. దారి పొడుగునా బండ్లు. ఎటు చూసినా నారింజ రంగు కోట్లే, సంతలో గుమ్మడికాయల్లా. నేను చూసుకున్న చోట ఎవడో నగరం నుంచి వచ్చినవాడు మడత కుర్చీ వేసుకుని చిప్స్ తింటున్నాడు. "ఇది మీ చోటా?" అని మర్యాదగా అడిగాడు పైగా. సర్కారు అడవిలో నా చోటని ఏం చెప్పను?

ఒక్క జింక కనపడలేదు. అన్నీ అక్క కొండ మీదికే పోయి ఉంటాయి. వాటికి బోర్డులు చదవటం వచ్చు.

డిసెంబరు 7, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

రాత్రి పల్చగా మంచు పడింది. పొద్దున నేనూ డ్వైట్ మళ్ళీ సర్కారు అడవికే వెళ్ళాం. పోయిన వారం అంత జనం లేరు. డ్వైట్ వాగు దగ్గర ఆగిపోయాడు. నేను పైకెక్కి, అక్క పసుపు బోర్డులు కనపడేంత దగ్గరలో కూచున్నాను. అక్కడే ఎందుకు కూచున్నానంటే గాలి అటు నుంచి వీస్తోంది. ఇంకే కారణం లేదు.

బాగా వెలుగొచ్చాక దుప్పి వచ్చింది. మంచి కొమ్ములు. బోర్డుల వైపే నడుస్తోంది, తొందరేం లేకుండా. పక్కకి తిరిగేదాకా ఆగాలి. అది నాకు నాన్న నేర్పిన మొదటి పాఠం. కానీ ఇంకో పది అడుగులేస్తే అక్క కొండలోకి పోతుంది. సీజనులో నాకున్న ఆఖరి ఆదివారం ఇదే. ఆగలేదు. కొట్టాను.

తగిలింది. తగలాల్సిన చోట కాదు, బాగా వెనక్కి. అది వంగిపోయి, తేరుకుని, బోర్డు పక్క నుంచే అటు వెళ్ళిపోయింది.

డ్వైట్ రొప్పుకుంటూ వచ్చాడు. మంచు మీద రక్తం చూసి వంగాడు. ముదురు రంగు. ఇద్దరికీ అర్థమైంది. అది తొందరగా చావదు, దూరమూ పోదు.

"పద బావా, పోయి తెచ్చుకుందాం. ఎవరు చూడొచ్చారు."

పోవాలంటే అడగాలి. గాయపడ్డదాన్ని తెచ్చుకోవాలన్నా భూమిగలవాళ్ళని అడిగే బోర్డు దాటాలి. డ్వైట్‌కీ తెలుసు ఆ సంగతి. ఇంకో మనిషి భూమి అయ్యుంటే నేను దాటేవాణ్ణేమో, నిజం చెప్పాలంటే. అక్కది కాబట్టి దాటలేకపోయాను. వాణ్ణి ఇంటికి పొమ్మని చెప్పి, కిందికి దిగి, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఆమె ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఆమె ఏమంటుందో, దానికి నేనేమనాలో తయారుచేసుకుంటూనే ఉన్నాను.

ఆమె లాయం ముందు గడ్డి పరుస్తోంది. నారింజ కోటు కొయ్యకి వేలాడుతోంది. నన్ను చూసింది, నా చేతిలో తుపాకీ చూసింది.

"ఇందాక పేలింది నీదేనా?"

"నాదే. సర్కారు అడవిలోనే కొట్టాను. దెబ్బ వెనక్కి పోయింది. నీ వైపు వచ్చింది."

ఏదో అంటుందని నిలబడ్డాను. తయారుచేసుకున్న జవాబులన్నీ నోట్లోనే ఉన్నాయి. ఆమె గడ్డి పార గోడకి ఆనించి, కోటు తీసి తొడుక్కుంది.

"ఎంత వెనక్కి?" అంది.

చేత్తో నా డొక్క మీద చూపించాను. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. ఇద్దరం కొండెక్కాం.

బోర్డు దగ్గర నుంచి రక్తం పట్టుకుని వెళ్ళాం. తెరపి ఉన్నంత మేరా మంచు మీద తేలిగ్గానే కనపడింది. పెద్ద చెట్ల కిందికి వచ్చేసరికి మంచు లేదు, ఆకులే. నేను వంగి వంగి వెతుకుతుంటే ఆమె ఆగి, కింద వాగు వైపు చూసి, "దెబ్బతిన్నది నీళ్ళకే పోతుంది" అని అటు నడిచింది. పొదల్లో పడి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, ముందు కాళ్ళు లేచాయి, వెనకవి లేవలేదు.

నేను తుపాకీ ఎత్తాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. టీచరమ్మ కింద దారిలో ఉంది. పాన్సీ మీద."

"అక్కా, దాన్ని చూడు."

"చూస్తున్నాను. ఇప్పుడు పేలిస్తే ఆ గుర్రం పరిగెడుతుంది. ఆమె పడితే ఇంక లేవదు. నేను వెళ్ళి దింపుతాను. నేను వచ్చేదాకా ముట్టుకోకు."

కిందికి దిగింది. దిగటం కాదు, జారింది. చెట్లు పట్టుకుంటూ, మోకాళ్ళ మీద పడుతూ లేస్తూ.

నేనూ ఆ దుప్పీ మిగిలాం.

ఎంతసేపో తెలీదు. ముందు అక్క మీద కోపం వచ్చింది. తర్వాత టీచరమ్మ మీద, ఈ వయసులో గుర్రాలెందుకని. తర్వాత మిల్లు మీద, చట్టం చేసినవాళ్ళ మీద, మడత కుర్చీవాడి మీద కూడా. నాకు శనివారం దొరికి ఉంటే, ఇంకో రోజు ఉంటే, ఇలా తొందరపడేవాణ్ణి కాదు అనుకున్నాను. నిజమే అది. కానీ దాని ఊపిరి ఆవిరిలా వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. చెవి మాత్రం నేను కదిలినప్పుడల్లా నా వైపు తిరుగుతోంది. దాని ముందు కూచుని ఆ నిజం ఎన్నిసార్లు చెప్పుకున్నా సరిపోలేదు. కొట్టింది చట్టమూ కాదు, మిల్లూ కాదు. ఆగాల్సింది నేను. ఆగలేదు.

అక్క వచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగి ఉంది. "దిగింది. కళ్ళెం పట్టుకుని నిలబడింది. కానివ్వు" అంది.

ఈసారి సరిగ్గా కొట్టాను. కింద గుర్రం సకిలించింది, ఒక్కసారే.

ఇద్దరం చెరో కొమ్మూ పట్టుకుని కిందికి లాగాం. ఆమె నాకంటే గట్టిగా లాగుతుంది, చిన్నప్పుడూ అంతే. ఒకచోట ఊపిరి తీసుకోవటానికి ఆగినప్పుడు, ఆ రోజు సభలో నేనన్నది, అని మొదలుపెట్టాను.

"కొందరికి వారమంతా ఆదివారమేనట గదా" అంది. "పట్టు. ఇంకా చాలా దూరముంది."

టీచరమ్మ దారి పక్కన పాన్సీ మెడ నిమురుతూ నిలబడి ఉంది. దుప్పిని చూసింది, తర్వాత నన్ను. "మూడో తరగతిలో కూడా నువ్వు ప్రశ్న పూర్తిగా వినకుండానే చెయ్యెత్తేవాడివి, గేలన్" అంది.

లాయం దగ్గరికి వచ్చాక అడిగాను, నన్ను పొమ్మనకుండా ఎందుకు వచ్చావని. కోటు విప్పి కొయ్యకి తగిలిస్తూ, "ఇవాళ ఆదివారమని ఆ జింకకేం తెలుసు?" అంది.

డిసెంబరు 8, సోమవారం

చేతులు నొప్పి. మిల్లులో డ్వైట్ కొమ్ముల గురించి అందరికీ చెప్పాడు. నేను లేచి రంపం దగ్గరికి పోయాను. ఏంటి బావా, మంచి దుప్పి పడ్డా ఏడుపేనా అన్నాడు.

డిసెంబరు 14, ఆదివారం

నిన్నటితో సీజను అయిపోయింది. అక్క వాటా మాంసం పట్టుకుని వెళ్ళాను. క్లబ్బువాళ్ళు నిన్న ఫోన్ చేశారు. ఇప్పుడు మీ ఇద్దరికీ మాటలు కలిశాయట గదా, వచ్చే ఏడాదికి ఇప్పుడే అడుగు అన్నారు. కలిశాయని వాళ్ళకెవరు చెప్పారో! డ్వైటే.

అడగకూడదనే వెళ్ళాను. కాఫీ తాగుతూ అడిగాను. ఆదివారమంతా వద్దు, తెల్లవారుజామున గుర్రాలవాళ్ళు రాకముందు, నేనొక్కణ్ణే, మంచె మీద నుంచే అన్నాను. ఇంతకంటే తక్కువ ఎవడూ అడగలేడు.

"వద్దు" అంది.

"నా మీద నమ్మకం లేదా? పోయిన వారం జరిగిందానికా?"

"అది జరక్కపోయినా వద్దనేదాన్నే."

అప్పుడు నేను అరిచాను. జులై నుంచి లోపల ఉన్నదంతా బయటికొచ్చింది. నాకున్నది ఒక్కరోజు, ఆ ఒక్కరోజూ నీ బోర్డుల బయట నిలబడాలి, సొంత నాన్న కొండ ముందు బిచ్చగాడిలా నిలబడాలి అన్నాను. కప్పు బల్ల మీద గట్టిగా పెట్టాను. కొంచెం ఒలికింది.

ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. గొంతు పెంచలేదు.

"నీకు ఒక్కరోజే ఉండటం నేను చేసిందా? మిగతా ఆరూ ఎవరి దగ్గరున్నాయి? మీ మిల్లు యజమానిని అడిగావా ఎప్పుడైనా? శనివారం ఇవ్వమని?"

ఎలాగూ ఇవ్వడన్నాను.

"నేనూ ఇవ్వనన్నాను. అయిదు నెలలుగా నన్ను అడుగుతూనే ఉన్నావు. వాకిట్లో అడిగావు, లాయంలో అడిగావు, ఊరందరి ముందూ అడిగావు. ఆయన్ని ఒక్కసారి అడగలేదు. నేనైతే తేలిక, కాదూ? ఎంత అరిచినా పళ్ళెం మీద రేకు కప్పి పంపిస్తాను."

బండెక్కి వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా కోపమే. ఇంటికొచ్చాక కూడా. మాంసం బల్ల మీద పెట్టి వచ్చానో, బండిలోనే ఉందో కూడా చూసుకోలేదు. బండిలోనే ఉంది.

నోరీన్‌కి చెప్పాను, అక్క ఎంత మాట అందో చూడమని. నోరీన్, "శనివారం నువ్వు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నేనూ చూడలేదు" అంది.

ఆదివారం వేట ఉండాలి. ఇప్పటికీ అదే అంటాను. సర్కారు అడవిలో ఉండాలి, ఇష్టమున్నవాళ్ళ భూముల్లో ఉండాలి. అక్క మాటతో నా అభిప్రాయమేం మారలేదు. అది వేరు, ఇది వేరు.

డిసెంబరు 15, సోమవారం

పొద్దున్నే లెంకర్ గారి గదికి వెళ్ళాను. టోపీ తీసి నిలబడ్డాను. సీజనులో శనివారాలు మాకు వదలండి, కావాలంటే మిగతా రోజుల్లో ఇంకో గంట ఎక్కువ చేస్తాం అన్నాను. మెల్లిగానే అన్నాను. అక్క మీద అంత అరిచిన గొంతు ఇదేనా అనిపించింది.

ఆయన తలెత్తి, ఇన్నేళ్ళలో నువ్వు ఈ గదిలోకి రావటం ఇదే మొదటిసారనుకుంటా అన్నాడు. అవునన్నాను. కుదరదన్నాడు. ఆర్డర్లన్నాడు. తలుపు వేసి వెళ్ళమన్నాడు.

భోజనాల దగ్గర డ్వైట్‌కి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో రొట్టె పక్కన పెట్టాడు. "మళ్ళీ ఎప్పుడెళ్తావు బావా?"

రేపు వెళ్తానన్నాను. నేనూ వస్తానన్నాడు. ఎదురుగా కూచున్న ఇద్దరు తినటం ఆపి మా వైపు చూశారు.